మసేనమ్మ గొంతుపట్టీ

మసేనమ్మ గొంతు పోయిన ఏడాది జెట్టీ మీద కోనాం చేప ధర పడిపోయిందని విశాఖ చేపలరేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో కొంత కోతలు లేకపోలేదు. కానీ ఆమె పాడిన పాటకూ ఇంకొకరు పాడిన పాటకూ తేడా ఉండేదన్నది మాత్రం నిజం. పాట అంటే రాగాలు తీసేది కాదు, వేలం పాట. తెల్లవారుతూండగా బోట్లు ఒడ్డుకు చేరేవి, బుట్టలు దిగేవి. మసేనమ్మ చీరచెంగు నడుముకు బిగించి, పాత ఐసుపెట్టె ఎక్కి నిలబడి ఒక్క కేక వేసిందంటే, అప్పటిదాకా బేరాల్లేవని ఆవులిస్తున్న సావుకార్లు కూడా టీ గ్లాసులు కింద పెట్టేవారు.

ఆమెకో పద్ధతి ఉండేది. ఒకటోసారి అనేది, రెండోసారి అనేది, అక్కడ ఆగిపోయేది. ఆగి, ఆ బుట్ట ఏ బోటుదో ఆ మనిషి మొహంలోకి చూసేది. అతను తలూపితేనే మూడోసారి అనేది. అతను తల తిప్పుకుంటే పాట మళ్ళీ మొదటికి వచ్చేది. వేలం పాడే మిగతావాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? మూడూ ఒకే గుక్కలో లాగించి పక్క బుట్టకు పోయేవారు. ఎందుకమ్మా అంత చాదస్తం అని కూతురు హైమ చిన్నప్పుడోసారి అడిగింది. రాత్రంతా నీళ్ళ మీద నడుం విరగ్గొట్టుకున్నవాడు వాడైతే ఆఖరి మాట నాదెలా అవుతుందే అని మసేనమ్మ ఎదురడిగింది. పాటలయ్యాక కూతురి చెయ్యి పట్టుకుని టీ కొట్టుకు తీసుకుపోవడం కూడా ఆమె పద్ధతుల్లో ఒకటి. స్కూలు సంచీ భుజాన వేసుకుని, వేడి టీలో బన్ను ముంచుకు తింటూ, అమ్మ గొంతు ఇంత పెద్దదెందుకని హైమ ఆశ్చర్యపోతూండేది.

ఆ గొంతును అడ్డచుట్ట తినేసింది. ఆ తీరంలో ఆమె వయసు ఆడవాళ్ళు చాలామందికి ఉన్న అలవాటే. నిప్పున్న కొనను నోట్లోకి పెట్టుకుని, పెదాలు బిగించి, పనంతా అలాగే చేసుకుపోతారు. ఆ నిప్పు ముందు అంగిలిని పట్టుకుంది, తరవాత గొంతులోకి దిగింది. పెద్దాసుపత్రిలో స్వరపేటిక తీసేసి, ఊపిరి కోసం మెడ కింద రంధ్రం పెట్టారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇంటికి వచ్చిన మొదటి వారం మసేనమ్మ మంచం దిగలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గట్టిగా అరిచి మాట్లాడేవారు, ఆమెకు పోయింది చెవులైనట్టు. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది.

అప్పటికి హైమ ఒక ప్రయోగశాలలో ప్రోగ్రాములు రాస్తోంది. నగరం చివర, కొండవాలు మీద, పాత గోడౌన్‌ను బాగుచేసి భానోజీరావు గారు పెట్టిన చిన్న ప్రయోగశాల అది. గొంతు పోయినా మెడలో కండరాలు మాట్లాడబోయే ప్రయత్నం మానవని, ఆ కదలికను పట్టుకోగలిగితే మాటను బయటికి తేవచ్చని ఆయన పట్టుదల. అదివరకు కుందేళ్ళ మీదా, తన మెడ మీదా ప్రయత్నించి చూశాడు. మనిషి కావాల్సివచ్చినప్పుడు హైమ తల్లిని తీసుకువచ్చింది.

మొదటి గొంతుపట్టీని వాళ్ళు చేత్తో చేశారు. మెత్తటి గుడ్డలో కుట్టిన సన్నని రేకులు మెడకు సన్నగా కరెంటు ఇచ్చి, కండరాల కదలికను చదువుతాయి. చదివినదాన్ని బొడ్లో సంచీలో ఉన్న ఫోను అందుకుని, ఇంటర్నెట్టులో కొండమీద ప్రయోగశాల కంప్యూటరుకు పంపుతుంది. అక్కడ ఆమె పాత గొంతు భద్రంగా ఉంది. జెట్టీ మీద సరదాగా ఎవరెవరో ఫోన్లలో తీసిన వేలం పాటలన్నీ ఏరి, ఆ గొంతును హైమే తయారు చేసింది. అక్కడ మాట తయారై, రెప్పపాటులో తిరిగివచ్చి, పట్టీకున్న స్పీకరులోంచి పలుకుతుంది. ఫోనులోని బ్రౌజరుకూ పట్టీకీ మధ్య మధ్యవర్తిత్వం చేసే చిన్న ప్రోగ్రాము, ప్లగిన్ అంటారే, అది పూర్తిగా హైమ రాసినదే.

పట్టీ కట్టిన రోజు మసేనమ్మ చాలాసేపు పెదాలు కదపలేదు. ఏమైనా అనమని భానోజీరావు గారు బతిమాలాడు. చివరికి ఆమె అంది.

"ఏటి సూస్తన్నారు అందరూ? నానేటి సినిమానా?"

అచ్చం ఆ గొంతే. హైమ బాత్‌రూములోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

చిక్కల్లా జెట్టీ మీద వచ్చింది. ఏ వెబ్ పేజీ అయినా మనిషి ఒంటిమీది యంత్రాన్ని తాకబోతే బ్రౌజరు ముందు అనుమతి అడగాలి. అది నియమం. కాబట్టి సిగ్నలు తెగి అతికిన ప్రతిసారీ మసేనమ్మ ఫోనులో ఒక ప్రశ్న వచ్చేది: పట్టీని వాడుకోనివ్వమంటారా, వద్దా? ఆమెకు చదువు రాదు. చేతులనిండా చేపల జిగురు. రేవులో సిగ్నలు నిలకడగా ఉండదు. రెండోసారి అని, బోటు మనిషి మొహం చూసి, మూడోసారి అనబోయేసరికి గొంతు ఆగిపోయేది. ఈలోగా సావుకారు మనసు మార్చుకునేవాడు. ఓ పొద్దున అలా రెండు బుట్టలు చేజారాక, జెట్టీ అంతా నవ్వాక, మసేనమ్మ ఇంటికి వచ్చి కూతురి ముందు ఫోను పడేసింది. మాటిమాటికీ అడిగే ఆ పాడు పెట్టెను తీసెయ్యమంది. తన గొంతు తను వాడుకోడానికి ఎవణ్ణి అడగాలని కేకలేసింది.

హైమ తీసేసింది. ఒకసారి ఒప్పుకుంటే ఎప్పటికీ ఒప్పుకున్నట్టే అని ప్లగిన్‌లో ఒక్క వాక్యం మార్చింది. ఆ సాయంత్రం పనికి ఆ మాత్రం చాలనుకుంది, తరవాత సరిచేద్దామనుకుంది. అమ్మ మళ్ళీ ఐసుపెట్టె ఎక్కింది, సరిచేద్దామనుకున్న ఆ తరవాత మాత్రం ఇక రాలేదు.

గొంతుపట్టీ పేరు పాకింది. ఇచ్ఛాపురం నుంచి తుని దాకా, గొంతు పోయినవాళ్ళంతా కొండమీదికి వచ్చారు. వాళ్ళకు చేసిన కొత్త పట్టీలు మెరుగైనవి. వాటిలో జ్ఞాపకం ఉంది, ఎవరి గొంతు వాళ్ళ పట్టీలోనే ఉంటుంది. ప్రయోగశాలతో పని పడేది సర్దుబాట్లకే. ప్లగిన్ మాత్రం అందరికీ అదే. ఆ ఒక్క వాక్యం అందరి ఫోన్లలోకీ వెళ్ళింది.

మసేనమ్మకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి కోతలు వద్దని, రేడియేషన్ ఇచ్చి ఊరుకున్నారు. వర్షాలదాకా ఉంటే గొప్ప అని డాక్టరు హైమను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట హైమ ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా మసేనమ్మకు తెలిసిపోయింది. జెట్టీకి వెళ్ళడం మాత్రం మానలేదు. కమిలిన మెడకు కొబ్బరినూనె రాసుకుని, పట్టీని వదులుగా కట్టుకుని వెళ్ళేది.

అటువంటి రోజుల్లో పార్వతీపురం నుంచి ఫోను వచ్చింది. గుంపస్వామి మాస్టారి భార్య. మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు, ప్రయోగశాలకు వచ్చినవాళ్ళలో అందరికన్నా తియ్యగా మాట్లాడే మనిషి. ఆయన పట్టీ తీసి పారేశాడనీ, అన్నం సరిగా తినడంలేదనీ ఆవిడ చెప్పి ఏడ్చింది. హైమ మర్నాడే రైలెక్కింది.

జరిగింది వింటే మొదట ఎవరికైనా నవ్వే వస్తుంది. మనవరాలి నిశ్చితార్థం. తాంబూలాలు పుచ్చుకునే వేళకు వర్జ్యం ఉందేమోనని ఎవరో అంటే, మాస్టారి కొడుకు తండ్రి ఫోనులోనే పంచాంగం పేజీ ఒకటి తెరిచి చూశాడు. చూసి, అలాగే వదిలేశాడు. మాస్టారు లేచి, అక్షింతలు చేత్తో పట్టుకుని ఆశీర్వదించబోయాడు. పట్టీలోంచి ఆయన గొంతే వచ్చింది. జుట్టు రాలిపోతోందా, ఇక దిగులు పడకండి అంది. ఏదో నూనె పేరు చెప్పింది. ఆయన కంగారుగా పెదాలు బిగించాడు. పెదాలు మూసుకునే ఉన్నాయి, గొంతు మాత్రం ఆ నూనె ఎక్కడెక్కడ దొరుకుతుందో చెబుతూనే ఉంది. పందిట్లో పిల్లలు నవ్వారు. తరవాత వియ్యాలవారు నవ్వారు. చివరికి ఆయన పట్టీని రెండు చేతులా పీకి పారేశాడు.

మాస్టారు హైమను చూసి కోప్పడలేదు. లోపలికి వెళ్ళి, తువ్వాల్లో చుట్టిన పట్టీని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టి, నమస్కారం చేశాడు. ఆ నమస్కారం కన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

"ఆయనకి గొంతు పోయినప్పుడు కూడా ఇంత సిగ్గుపడనేదమ్మా," అంది భార్య గుమ్మందాకా వచ్చి. "తన గొంతులో ఇంకెవుడో దూరినాడంట. రాత్రుళ్ళు మెడ తడుముకుంటన్నాడు."

తిరుగు రైల్లోనే హైమకు అర్థమైంది. అడగకుండా తలుపు తీసేది తన వాక్యమే. ప్లగిన్ ఏ పేజీ వచ్చి తట్టినా పట్టీని చేతికిచ్చేస్తోంది. ఆ పంచాంగం పేజీలో ప్రకటనలు వేసేవాడెవడో ఫోనుకు ఏ స్పీకరు తగిలించి ఉందా అని వెతికాడు, దొరికిన స్పీకరు మాస్టారి గొంతు. మర్నాడు ప్రయోగశాలలో తన మెడకు ఒక పట్టీ కట్టుకుని, తనే ఒక దొంగ పేజీ తయారుచేసి పరీక్షించింది. గొంతు ఒక్కటే కాదు, రేకుల్లోని కరెంటు మోతాదు కూడా ఆ దారిలో మారిపోతోంది. కొంచెం పెంచేసరికి మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుని, గుటక పడలేదు. పట్టీ విప్పి పడేసింది.

భానోజీరావు గారు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు లెక్క వెంటనే తెలిసింది. అన్ని పట్టీలనూ తెరిచే తాళంచెవి, అంటే ప్లగిన్‌లో దాచిన రహస్య సంకేతం, ఒక్కటే. అది ఇప్పటికే బయటి పేజీల చేతికి చిక్కింది కనుక ఇక ప్లగిన్‌ను సరిచేసినా లాభం లేదు. అది చెల్లుతుందా లేదా అని ప్రతి పట్టీ ప్రయోగశాల కంప్యూటరును అడుగుతుంది. చెల్లదని ఒక్క మాట చెబితే దొంగదారి అందరికీ మూసుకుపోతుంది. కొత్త పట్టీలకు జ్ఞాపకం ఉంది కనుక అవి మాట్లాడుతూనే ఉంటాయి. మసేనమ్మది మొదటి పట్టీ, దానికి జ్ఞాపకం లేదు, అందులో కొత్త తాళంచెవి రాయడానికీ వీల్లేదు. ఆ దారి మూస్తే ఆమె గొంతు కొండమీదే ఉండిపోతుంది. కొత్త పట్టీ వేద్దామంటే దాని రేకులు చర్మానికి అతుక్కోవాలి, కమిలిపోయిన ఆ మెడ మీద అతికించడానికి వీల్లేదు. మిగతావాళ్ళ పట్టీలన్నీ తెప్పించి, ఒక్కొక్కదానికీ వేరే తాళంచెవి రాశాక, ఆమెదొక్కటి మళ్ళీ తెరవచ్చు. కానీ అన్ని ఊళ్ళ నుంచీ అవి వచ్చి చేరేసరికి వర్షాలు వచ్చి వెళ్ళిపోతాయి.

"మాస్టారి సంగతి ఒక్కటే కదమ్మా బయటపడింది," అన్నాడాయన. "కొన్నాళ్ళు ఆగుదాం. మీ అమ్మగారు మాట్లాడుతుండగానే..."

మంచి మనిషి కాబట్టే ఆ మాట అనగలిగాడు. హైమ తల వంచుకుని బల్ల దగ్గరికి వెళ్ళి కూచుంది. పట్టీలను రిపేరుకు పంపమని అన్ని ఊళ్ళకూ కబురు పెట్టింది, తొందర ఏమిటో మాత్రం చెప్పలేదు. ఇంటికి వెళితే అమ్మ వంటింట్లో చేపల పులుసు కలుపుతూ పక్కింటావిడతో గొడవ పడుతూ ఉండేది. ఆ గొడవ వింటూ అన్నం తినేది హైమ. ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకునేది. దొంగతనం చేసిన తిండిలా ఉండేది ఆ అన్నం.

అలా రోజులు గడుస్తుండగా పలాసలో సుగుణ పడిపోయింది. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పే అమ్మాయి, థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరం తెగింది. పిల్లల కోసం ఫోనులో బొమ్మల పేజీ పెట్టి పాట అందుకుందట. ఉన్నట్టుండి మెడ పట్టుకుని నేలమీద కూలబడింది. పిల్లలు ఇదీ ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆయా పరుగెత్తుకొచ్చి పట్టీ లాగేసేసరికి మొహం నల్లబడిపోయింది. ప్రాణం పోలేదు. ఆసుపత్రిలో హైమ వెళ్ళి చూసినప్పుడు కళ్ళు తెరిచే ఉంది కానీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఆమె కూతురు, ఇంకా పలక పట్టని పిల్ల, తల్లి పెదాలను వేళ్ళతో కదిపి చూస్తోంది.

హైమ అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే తల్లి ముందు కూచుని మొత్తం చెప్పేసింది. మాస్టారి సంగతి, సుగుణ సంగతి, ఆ ఒక్క వాక్యం సంగతి. డాక్టరు చెప్పిన మాట కూడా దాచలేదు. ఆ తలుపు మూస్తే అమ్మ మాట తిరిగి రాదని మాత్రం నేలవైపు చూస్తూ చెప్పింది. అంతా అయ్యాక, మసేనమ్మ ఆ పిల్లకు అన్నం ఎవరు పెడుతున్నారని అడిగింది. అమ్మమ్మ అని హైమ చెప్పింది.

"తెలిసీ ఇన్నాళ్ళు ఊరుకున్నావేటే?"

"నీ గొంతు పోతాదనమ్మా."

మసేనమ్మ మెడ మీది పట్టీని వేళ్ళతో సవరించుకుంది.

"నానెప్పుడైనా అడక్కండా మూడోసారి అన్నానేటే? ఆ పలాస గుంటని ఎవుడడిగినాడు? ఆ మేస్టర్ని ఎవుడడిగినాడు?" అంది. గొంతు తగ్గించి అంది. "అడిగే పెట్టిని తీసెయ్యమన్నది నానే. నువ్వేం సేస్తావు. ఇద్దరం కలిసే సేసినాం."

హైమ తల్లి ఒళ్ళో తలపెట్టుకుంది. క్షమించమని అడగాలనుకుంది, అడగలేకపోయింది. మసేనమ్మ చేపల వాసన వేసే చేత్తో ఆమె జుట్టు సర్దుతూ, రేపు పొద్దున రేవుకు రమ్మంది. బోట్లు వస్తాయి, ఒక్క పాట పాడతానంది. ఆ తరవాత మూసెయ్యమంది. హైమ తలెత్తి, రాత్రే మూసెయ్యాలమ్మా, ఈలోగా ఇంకెవరికైనా అయితే అంది. అందరికీ ఫోను చెయ్యి మరి, రేపు పాటయ్యేదాకా పట్టీలు విప్పుకోమను, ఎందుకో దాచకుండా సెప్పు అని మసేనమ్మ సలహా ఇచ్చింది. అది ఇన్నాళ్ళూ తనకు ఎందుకు తోచలేదో హైమకు తెలుసు. చెబితే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే తలుపు మూయాలి.

ఆ సాయంత్రం ప్రయోగశాలలో ఉన్నవాళ్ళంతా తలో ఫోనూ పట్టుకున్నారు. భానోజీరావు గారు కూడా. తిట్టినవాళ్ళు తిట్టారు. మాస్టారి ఇంట్లో భార్య ఫోను తీసి, విని, ఆయనకు చెబుతానంది. ఇంకెవరూ లోపలికి రారు గదమ్మా అని రెండుసార్లు అడిగింది. రారండి అని హైమ మాటిచ్చింది.

తెల్లవారేసరికి జెట్టీ మీద మామూలు సందడి. ఐసు పిండి చేసే మిషను మోత, గాల్లో కాకులు, నేలంతా తడి. మసేనమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఐసుపెట్టె ఎక్కడానికి కూతురి భుజం ఆసరా చేసుకుంది. హైమ పక్కనున్న ఖాళీ ట్రేల మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడింది. తెరమీద ఒకే ప్రశ్న ఉంది: ఈ తాళంచెవిని రద్దు చేయాలా?

కోటయ్య బోటుకు ఆ రోజు కానాగంత చేపలు బాగా పడ్డాయి. మసేనమ్మ బుట్ట తరవాత బుట్ట పాడింది. సావుకార్లను పేరుపేరునా వెక్కిరించింది. నిన్న కొన్నది ఇంకా అమ్ముకోలేదా అని ఒకణ్ణి, పెళ్ళానికి చెప్పి వచ్చావా అని ఇంకొకణ్ణి. జెట్టీ అంతా నవ్వులు. ఆ గొంతు నీళ్ళ మీదుగా ఆవలి గట్టుదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. హైమ దాన్ని చెవుల్లో దాచుకుందామని చూసింది. ఎంత దాచుకున్నా కింద పోతూనే ఉంది.

ఆఖరి బుట్ట వచ్చింది. పాట పెరిగి పెరిగి ఒకచోట ఆగింది.

"ఒకటోసారి," అంది మసేనమ్మ.

ఎవరూ పెంచలేదు.

"రెండోసారి."

ఆగింది. అలవాటు ప్రకారం కోటయ్య మొహంలోకి చూసింది. కోటయ్య తలూపాడు. ఆమె మూడోసారి అనలేదు. మెల్లిగా తల తిప్పి హైమ వైపు చూసింది. అదే చూపు. రాత్రంతా నీళ్ళ మీద ఉండి వచ్చినవాణ్ణి అడిగే చూపు. తొందరేమీ లేదన్నట్టు, కాదంటే మళ్ళీ మొదటినుంచి పాడతానన్నట్టు.

హైమకు కాదనాలనే ఉంది. మళ్ళీ మొదటినుంచి పాడించుకోవాలని ఉంది. పలాసలో తల్లి పెదాలను వేళ్ళతో కదుపుతున్న పిల్ల గుర్తొచ్చింది. ఆమె తలూపి, మీట నొక్కింది.

మసేనమ్మ పెదాలు కదిలాయి. మూడోసారి అన్నాయి. ఐసు మిషను మోత తప్ప ఇంకేమీ వినపడలేదు. సావుకారు తన మనిషికి సైగ చేశాడు, అతను వంగి బుట్ట తలకెత్తుకున్నాడు. పాట చెల్లింది. సిగ్నలు పోయినట్టుందని ఎవరో అన్నారు.

హైమ తల్లిని ఐసుపెట్టె మీంచి దింపింది. మసేనమ్మ పట్టీ విప్పి, మడిచి, బొడ్లో సంచీలో పెట్టుకుంది. కూతురివైపు తిరిగి ఏదో అంది. ఇన్నేళ్ళూ ఆ గొంతు వింటూ పెరిగిన హైమకు ఆ పెదాలు ఏమంటున్నాయో తెలియలేదు. కళ్ళనిండా నీళ్ళు, అవీ అడ్డం.

"ఏటన్నావమ్మా? మళ్ళీ సెప్పు," అంది కళ్ళు తుడుచుకుని.

మసేనమ్మ విసుక్కోలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, మొహం దగ్గరికి తెచ్చి, నెమ్మదిగా మళ్ళీ అంది. టీ తాగుదాం పదమంటోంది.